సేరంటే కిలో

మొన్నామధ్య నంద్యాలలో మా గదిలో ముగ్గురం స్నేహితులం కలిసి ఆదివారం వంట మొదలుపెట్టాం. ఒకడు నెట్ సెంటర్‌కు పోయి ఏదో వంటకం కాగితం మీద అచ్చు వేయించుకొని వచ్చాడు. అందులో మొదటి వరుసలోనే రెండు కప్పుల వేరుశనగ పప్పు అని ఉంది. గదిలో ఉన్న ఒకే ఒక కప్పు గడ్డం గీసుకునేది. రెండోవాడు అప్పటికే అంగడికి పోయి అర కిలో తెచ్చాడు. అర కిలో అంటే ఎన్ని కప్పులని ఇద్దరూ నన్ను అడిగారు. నేను ఆళ్ళగడ్డలో అంగడివాళ్ళ పిల్లోణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు పుట్టుకతో వచ్చుండాలని వాళ్ళ నమ్మకం. గ్లాసు కడుక్కొని నింపుకోండ్రా అని తప్పించుకున్నాను. అంగడోళ్ళకు ఇంతమాత్రం తెలీదా అని నవ్వారు.

తెలుసు. మా ఇంట్లో ఆ లెక్క ఒకసారి పదిమంది ముందు, త్రాసు పెట్టి మరీ తేల్చాం. వింటే నవ్వొచ్చే సంగతే. ఊళ్ళో ఎవరి ఇంట్లో ఏం జరిగినా దానికి వెటకారం జోడించి నాలుగు వీధులు తిప్పే నేను, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ముందు మా అంగడి సంగతి చెప్పాలి. చిన్న కిరాణా అంగడి. ముందు గది అంగడి, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో గోనెపట్టా పరదా. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్ళు అప్పటికీ సేరు బెల్లం, సేరు పప్పు అనే అడిగేవాళ్ళు. సేరు అనేది కొలపాత్ర. ఇత్తడిది, నిలువుగా డబ్బాలాగా ఉండేది. మా నాయన అంగట్లో కూర్చునే నాటికే కొలిచి అమ్మడం పోయి తూచి అమ్మడం వచ్చింది. నాయన సేరు అడిగినవాళ్ళకు కిలో తూచి ఇచ్చేవాడు. వాళ్ళు తీసుకొని పోయేవాళ్ళు. ఎవరూ గొడవ పడలేదు. అలా మా ఇంట్లో పాత్ర పోయింది, పేరు మాత్రం మిగిలి కిలో మీద కూర్చుంది. బియ్యమైనా బెల్లమైనా బొరుగులైనా సేరంటే కిలో. మా అక్క, నేను ఆ మాట వింటూ పెరిగాం. సేరు అనేది ఒక గిన్నె అని, అందులో బొరుగులు పోస్తే ఒక బరువు, బెల్లం అదిమితే ఇంకో బరువు ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు. కిలో అంటే ఏమిటని ఎవరైనా అడుగుతారా?

అక్కకు నంద్యాల సంబంధం కుదిరి పెళ్ళయింది. తొంభైల మధ్యలో సంగతి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, అంటే కాలేజీకి పోయి వస్తున్నాను. బావకు రైసు మిల్లులో లెక్కల పని. మామ లేడు. ఇంటి పెత్తనమంతా అత్తది. ఆమె మాట తక్కువ, చూపు ఎక్కువ. వంటింట్లో అన్నీ ఆమె చేతి కొలతలే. ఆ ఇంట్లో తూకమనేది లేదు. అటకమీద నుంచి దించి తోమి తోమి మెరిపించిన ఒక ఇత్తడి సేరు ఉండేది. దాంతో కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు. పాతకాలం వాళ్ళ పద్ధతి.

అక్క కాపురానికి పోయిన కొన్నాళ్ళకు ఆడబిడ్డ శ్రీమంతం వచ్చింది. ఆ వేడుకకు బుడ్డల ఉండలు చేసి వచ్చినవాళ్ళందరికీ పంచడం ఆ ఇంటి ఆచారం. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం, ఒలిచిన పప్పును విత్తనాలంటాం. వాటిని ఒలిచి, వేయించి, పొట్టు ఊది, బెల్లం పాకంలో కలిపి చేతికి నెయ్యి రాసుకొని ఉండలు కట్టాలి. కొత్త కోడలు చెయ్యి ఎట్లాంటిదో చూద్దామని ఆ పని అత్త అక్కకు అప్పజెప్పింది. రెండు సేర్ల విత్తనాలకు సేరు బెల్లం, అంతే, అని చెప్పి తాను శ్రీమంతం పనుల్లో పడింది. అక్క మా అంగడికి కబురు చేసింది. నాయన ఏరి ఏరి మంచి విత్తనాలు రెండు కిలోలు, బెల్లం ఒక కిలో పొట్లాలు కట్టి బస్సులో పంపాడు. అక్క పొట్లాలు విప్పి, ఉన్నదంతా పోసి చేసేసింది. ఇంకా కొలిచేదేముంది? మా నాయన తూచి పంపాక మళ్ళీ కొలవడం అంటే ఆయన్ను అనుమానించినట్టే కదా.

ఉండలు కట్టినప్పుడు బాగానే ఉన్నాయట. పళ్ళెంలో పేర్చేదాకా కూడా ఉన్నాయట. తెల్లవారి పేరంటాళ్ళు వచ్చి, ఒడి నింపి, అందరి చేతుల్లో ఒక్కో ఉండ పెట్టేసరికి విడిపోయాయి. ఒకావిడ చేతిలో పడ్డది పడ్డట్టే పప్పులైంది. ఇంకొకావిడ కొంగులో కట్టుకుంటే ఇంటికి పోయేలోపల కొంగంతా గింజలు. కడుపుతో ఉన్న పిల్ల చేతిలో ఉండ విడిపోవడం మంచిది కాదని ఎవరో ముసలావిడ అందట. ఆ మాటతో అత్త ముఖం మారింది.

ఇదంతా అక్క రెండు రోజుల తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. మాకు ఫోన్ లేదు. పక్కన ఎరువుల అంగట్లో ఉండేది. అక్క చేసిందని వాళ్ళు కేకేస్తే నాయన, ఆయన వెనకాల నేను పరిగెత్తాం. అక్క ఏడవట్లేదు. ఏడ్చి అయిపోయిన తర్వాతి గొంతు అది. అత్త అందరి ముందర ఒకే మాట అందట. పిల్ల చెప్పేది నిజమైతే వాళ్ళ నాయన తూకం తప్పు, నాయన తూకం నిజమైతే పిల్ల బెల్లం ఎత్తిపెట్టింది, ఈ రెంటిలో ఏదో ఒకటి.

"నేను అంతా వేసినా నాయనా," అంది అక్క. ఫోన్ గట్టిగా ఉండేది కాబట్టి నాకూ వినిపించింది. "ఒక్క పలుకు బెల్లం గూడా మిగల్చలేదు. నా మాట నమ్మమని చెప్పు నాయనా వాళ్ళకు."

"దేంతో కొలిచినావు?" అన్నాడు నాయన.

"కొలిసేదేంది? నువ్వు పంపిన పొట్లాలే కదా. రెండు సేర్లు, ఒక సేరు."

ఎరువుల అంగడాయన కూడా పనిమానేసి వింటున్నాడు. తర్వాత నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను సంతోషపడ్డాను, ఎంత తెలివితక్కువ సంతోషమో తర్వాత తెలిసింది. వాళ్ళ సేరు గిన్నె సేరే తల్లీ, మన సేరు కిలో, ఇంతే తేడా, నేనొచ్చి చూపిస్తా ఉండు, అని ఫోన్ పెట్టేశాడు.

ఫోన్లో చెప్పిన ఆ ఒక్క ముక్కను ఒక కార్డు మీద రాసి పంపినా సరిపోయేది. అమ్మ అదే అంది. నోటితో చెప్పిరావచ్చు కదా, దానికి త్రాసెందుకు అంది. తన తూకాన్ని అన్నారు కాబట్టి తూకంతోనే చెప్తానన్నాడు నాయన. ఆయనకు కోపం వచ్చినప్పుడు అరవడు, తూచుతాడు. మరుసటి రోజు తెల్లారేసరికి అంగట్లో వేలాడే త్రాసు విప్పి, గొలుసులు చుట్టి, రెండు పళ్ళేలూ గోనె సంచిలో వేసి, తూకంరాళ్ళు నా కాలేజీ సంచిలో వేశాడు. నా పుస్తకాలు బయటపెట్టి. ఆ సంచికి ఆరోజు వరకూ అంత బరువైన చదువు పడలేదు.

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల బస్సు. నాయన కిటికీ పక్క కూర్చొని త్రాసు ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పళ్ళేలు గంట కొట్టేవి. దేవుడి పల్లకి పోతున్నట్టు అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కండక్టరు టికెట్ కొట్టి, ఏందప్పా, బస్సులోనే అంగడి పెడతాండావా, అని అడిగాడు. నాయన నిజాయితీగా జవాబు చెప్పాడు. వియ్యాలవారింటికి, అన్నాడు. దాంతో బస్సంతా విషయం తెలుసుకోవాలనుకుంది. శిరివెళ్ళ వచ్చేసరికి పక్క సీటులో ఉన్న గోస్పాడు రైతుకు కూడా మా అక్క ఉండలు విడిపోయిన సంగతి తెలుసు. పాకం ముదరలేదేమో అని ఆయన సలహా ఇచ్చాడు. నేను కిటికీలోంచి నల్లమల కొండల్ని చూస్తూ కూర్చున్నాను. అవి ఎప్పుడూ ఉన్న చోటే ఉన్నాయి. నా కాలేజీలో చదివే ఇద్దరు అమ్మాయిలు ముందు సీట్లో ఉన్నారు. వాళ్ళు నంద్యాలదాకా దిగలేదు.

సిగ్గనేది ఇంతకన్నా ఉండదని అప్పుడనుకున్నాను.

వియ్యాలవారి ఇల్లు స్టేషన్ దగ్గర సందులో. సందు మొదట్లో ఆటో దిగి నడుస్తుంటే, వియ్యంకుడు త్రాసుతో వస్తున్నాడన్న సంగతి మాకంటే ముందే ఆ ఇంటికి చేరింది. మేం గడప దాటేసరికి పక్కింటి ఆవిడ, ఎదురింటి ఆవిడ హాల్లో చాపమీద కూర్చొని ఉన్నారు. శ్రీమంతం నాడు కొంగు నిండా గింజలు రాలినావిడ కూడా ఉంది. ఆమెకు హక్కుంది. ఆడబిడ్డ కడుపుతో కుర్చీలో కూర్చుంది. బావ గోడకు ఆనుకొని నిలబడి, ఇంటి అల్లుళ్ళకు కొడుకులకు ఇలాంటప్పుడు వచ్చే ముఖం పెట్టుకున్నాడు. అక్క వంటింటి తలుపు పక్కన ఉంది. సగం కనిపిస్తోంది. నన్ను చూసి నవ్వలేదు. త్రాసును చూసి తల దించుకుంది.

అత్త మర్యాదకు లోపం చెయ్యలేదు. మంచినీళ్ళు ఇచ్చింది, బస్సులో సీటు దొరికిందా అన్నా అని నాయనను అడిగింది. నాయన గౌరవంగా, అమ్మా నేను గొడవకు రాలేదు, మీ సేరు ఒకసారి ఇప్పించండి, వేయించిన విత్తనాలు కొంచెం, బెల్లం కొంచెం ఇప్పించండి, నేను చూపించి పోతాను, అన్నాడు. త్రాసు తగిలించడానికి ఆ ఇంట్లో కొక్కెం లేదు. ఉయ్యాల కొక్కెం ఉంది గానీ దానికి ఉయ్యాల ఉంది. కాబట్టి ఆ పని నాకు పడింది. స్టూలు మీద ఎక్కి, చెయ్యి పైకెత్తి, త్రాసు పట్టుకొని నిలబడ్డాను. ఆ తర్వాత జరిగినదంతా నేను అక్కణ్ణించే చూశాను. దిగిపోవడానికి వీల్లేదు, చూపు తిప్పుకోవడానికి వీల్లేదు. చెయ్యి కదిలితే తూకం తప్పుతుంది.

అత్త ఇత్తడి సేరులో పొట్టు తీసిన విత్తనాలు పోసింది. అరచేత్తో అంచు దాకా సమం చేసింది. "లాభం," అని పళ్ళెంలో పోసింది.

నాయన రెండో పళ్ళెంలో కిలో రాయి పెట్టాడు. పళ్ళెం ధబ్బున దిగింది. విత్తనాలు గాలిలో వేలాడాయి. చాపమీద ఆడవాళ్ళు ముందుకు వంగారు. చూశారా అమ్మా, సేరు కిలో కాదు, అన్నాడు నాయన. అని ఊరుకోలేదు. కిలో రాయి తీసి తిరగేసి అందరికీ చూపించాడు. ఇనుప రాయి అడుగున గుంతలో సీసం పోసి ఉంటుంది, దాని మీద సర్కారు ముద్ర ఉంటుంది. ఆ సీసంతోనే బరువు సరిచేస్తారు, ముద్ర ఉంటే రాయి అబద్ధం చెప్పదు, ముద్ర లేకపోతే అది రాయే కాదు, అని చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. కొంగులో గింజలు రాలినావిడ ఆ ముద్రను వేలితో తడిమి తల ఊపింది. పాఠం బాగా వచ్చింది వాళ్ళకు. నాయన మంచి గురువు.

తర్వాత అర కిలో రాయి పెట్టాడు. ఈసారి విత్తనాల పళ్ళెం కిందికి దిగింది. దాని మీద నూరు గ్రాములది, ఇంకో యాభైది వేసేసరికి త్రాసు నిలిచింది. తర్వాత బెల్లం. అత్త దంచిన బెల్లాన్ని బొటనవేళ్ళతో అదిమి అదిమి సేరు నింపింది. అది కిలోకు కాస్త తక్కువ తూగింది. నాయన నేలమీద కూర్చొని లెక్క చెప్పాడు. మీ కొలతలో రెండు సేర్ల విత్తనాలంటే కిలోంపావు మీద ఇంకాస్త. వాటికి బెల్లం దాదాపు కిలో. మా పిల్ల రెండు కిలోల విత్తనాలకు అదే కిలో బెల్లం వేసింది. విత్తనాలు తేలిక, బెల్లం బరువు. గిన్నెలో సగం వేరు, తూకంలో సగం వేరు. ఇంక ఉండ యాడ నిలుస్తాదమ్మా, అన్నాడు.

నిజం చెప్పొద్దూ, బాగా చెప్పాడు. నేను ఇంటర్లో లెక్కల క్లాసులో కూర్చున్నన్ని నెలల్లో అంత తేటగా ఎవరూ ఏదీ చెప్పలేదు. అత్త సేరును ఇటూ అటూ తిప్పి చూసింది. ఆమె ముఖంలో బిగువు సడలింది.

"అట్లనా అన్నా. మీ సేరు కిలో, మా సేరు గిన్నె. ఇంత చిన్నదానికి పిల్ల మీద పడితిమే," అంది.

వంటింటి తలుపు పక్కన అక్క తల ఎత్తింది. శ్రీమంతం నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె తల ఎత్తడం అదే మొదలేమో. కాఫీ పెట్టమ్మా మీ నాయనకు, అంది అత్త. అక్క లోపలికి తిరిగింది. ఆ క్షణంలో మేం త్రాసు చుట్టుకొని, కాఫీ తాగి, బయల్దేరి ఉంటే ఈపాటికి ఈ సంగతి మా ఇంట్లో పండగ పూట చెప్పుకునే జోకు అయ్యుండేది. నాకు చెయ్యి లాగుతోంది. స్టూలు దిగుదామని చూస్తున్నాను.

అత్త సాయం చేద్దామని వంగి, నేలమీద ఉన్న తూకంరాళ్ళు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తోంది. అర కిలో రాయి చేతిలోకి తీసుకుంది. ఇప్పుడే పాఠం నేర్చుకుంది కదా, ముద్ర చూద్దామని తిరగేసింది. చూసింది. చిటికెన వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి పోయింది.

"దీనికింద బొక్కుండాదే అన్నా," అంది. వెటకారం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

గుంత ఉంది, సీసం లేదు. సీసం లేదు కాబట్టి ముద్రా లేదు, అర కిలో బరువూ పూర్తిగా లేదు. ముద్ర లేకపోతే అది రాయే కాదని చెప్పిన మనిషి దాని పక్కనే కూర్చొని ఉన్నాడు.

పడిపోయుంటాదమ్మా, అన్నాడు నాయన. ఎప్పుడు పడిపోయింది అన్నా, అని అత్త. మా సందు అంగడాయన గూడా అట్లనే గీకిస్తాడు, అని పక్కింటావిడ ఎదురింటావిడతో అంది, మెల్లగానే అంది. చిన్న హాలు కాబట్టి అందరికీ వినిపించింది. గీకిస్తాడు అన్న మాట అక్కడే, చాప మీద, నాయన ముందర కూర్చుంది.

ఆ సీసం బరువెంత ఉంటుందో నాకు తెలుసు. నాలుగు జీడిపప్పులంత. ఆ నాలుగు జీడిపప్పుల తేడాకు బుడ్డల ఉండ విడిపోదు. ఈ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది, దానికి జతగా ఒక హాస్యం కూడా వచ్చింది. కానీ ఆ గదిలో అప్పటికే ఎవరూ ఉండల గురించి ఆలోచించడం లేదని స్టూలు మీద నుంచి స్పష్టంగా కనిపిస్తోంది.

"పిల్లకు పంపిన బెల్లం దేంతో తూచినావన్నా? కిలో రాయితోనా, దీంతోనా?" అంది అత్త.

కిలో రాయితో అని ఉంటే అయిపోయేది. అంగట్లో కూర్చునే మనిషి జీవితంలో ఎన్ని చిన్న అబద్ధాలు ఆడతాడో లెక్క లేదు. ఇది నిన్ననే వచ్చిన సరుకు, ఇంత మంచిది ఊళ్ళో ఇంకెక్కడా దొరకదు, ఇంకొకరికైతే ఈ ధరకు ఇవ్వను. నాయన అవన్నీ రోజూ చెప్పేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం, ఎందుకో, నిజం చెప్పాలనిపించింది. గుర్తులేదమ్మా, అర కిలో రెండుసార్లు పెట్టుంటా, అన్నాడు.

బావ గోడకు మరికాస్త ఆనుకున్నాడు. అత్త ఆ రాయిని సంచిలో వెయ్యలేదు, నేలమీద పెట్టింది. బోర్లా, గుంత పైకి కనిపించేలా. కావాలని అట్లా పెట్టిందని నేననుకోను. అట్లా పడింది.

అప్పుడు అక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసులు లేవు. నాయనను చూడలేదు, నన్ను చూడలేదు, సూటిగా అత్త ముందుకు పోయి నిలబడింది.

"అత్తా, బెల్లం సరిగ్గానే వచ్చింది. నేనే కొంచెం తీసిపెట్టుకున్యా. తీపి ఎక్కువైతాదేమోనని," అంది.

ఒక్క పలుకు కూడా మిగల్చలేదని ఎరువుల అంగట్లో ఫోన్లో మా ఇద్దరికీ వినిపించిన గొంతే ఇది. తన మాట నమ్మమని వాళ్ళకు చెప్పు నాయనా అన్న పిల్ల, వచ్చి కూర్చున్న నాయన ముందరే ఆ మాట వదిలేసింది. ఇంటి బెల్లం దాచుకున్న కోడలనే పేరు తానే తీసి నెత్తిన పెట్టుకుంది. ఆ పేరు ఉంటే ఆమెకే ఉంటుంది. నంద్యాల సందుల్లో మా నాయన పేరు జోలికి ఎవరూ పోరు.

అత్త ఆమెను చాలాసేపు చూసింది. ఆమెకు తెలిసిందా, తెలీదా, నేను చెప్పలేను. ఆ చూపు నాకు అప్పుడూ అర్థం కాలేదు. చివరికి, ఆ మాట ఆ రోజే చెప్పింటే పొయ్యేది కదమ్మా, మీ నాయనను త్రాసు మోయించడమెందుకు, అంది. చాపమీద ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు మొదటి నుంచీ అనుకున్నది ఇదే కాబట్టి తృప్తిగానే ఉన్నారు.

నాయన ఇంకా నేలమీదే ఉన్నాడు. అక్క చెప్పింది అబద్ధమని ఆయనకు తెలుసు. ఆ గదిలో ఆయనకు, నాకు, అక్కకు తెలుసు. ఆయన ఇప్పుడేమంటాడా అని నేను చూస్తున్నాను. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఖాళీ త్రాసు సమంగా నిలబడి ఉంది.

"అట్లనా తల్లీ," అన్నాడు నాయన.

"అంతే నాయనా," అంది అక్క.

ఇంకేమీ జరగలేదు. కాఫీలు వచ్చాయి, తాగాం. ఆడబిడ్డ ప్రయాణం జాగ్రత్త అంది. అర కిలో రాయిని సంచిలోకి ఎవరు వేశారో నేను చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే ఉంది. అక్క గడప దాకా వచ్చింది. నేను ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను, ఎప్పుడూ అదే నా పని. పోయొస్తా అక్కా అన్నాను. అంతకు మించి రాలేదు.

తిరుగు బస్సులో నాయన తలకు చుట్టుకున్న టువ్వాల తీసి, పళ్ళేల మధ్య కుక్కి, గొలుసులకు గట్టిగా చుట్టాడు. గుంతలు పొద్దున ఉన్నవే, ఈసారి గంట మోగలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పొద్దున కండక్టరు, పక్క సీటు రైతు, ముందు సీటు అమ్మాయిలు ఎంత చూస్తే అంత చావాలనిపించింది నాకు. ఇప్పుడు వాళ్ళందరూ చూస్తే బాగుండుననిపించింది. ఒళ్ళో త్రాసు పెట్టుకున్న మనిషిని చూసి నవ్వుకోవడం మనుషులు చేసే పని. పక్కన కూర్చొని ఆ మనిషి ముఖం చూడకుండా ఉండటం ఎట్లాగో నాకు తెలీదు. శిరివెళ్ళ దాటాక ఆయన నన్ను చూడకుండానే, ఎప్పుడు పడిపోయిందోరా అది, అన్నాడు. నిజంగా పడిపోయిందా అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. మా అంగట్లో అర కిలోలు కొనుక్కున్నవాళ్ళు ఎంతమందో ఊళ్ళో నడుస్తుంటే ఒక్కొక్కరే ఎదురయ్యేవాళ్ళు. పలకరించేవాళ్ళు. నాయన బాగున్నాడా అని అడిగేవాళ్ళు.

అమ్మ ఏమైందని అడిగితే, సరిపోయిందిలే, అన్నాడు నాయన. తర్వాతి వారం అంగట్లో కొత్త అర కిలో రాయి ఉంది, అడుగున సీసం మెరుస్తూ. పాతదాన్ని ఏం చేశాడో తెలీదు. పల్లెల ముసలివాళ్ళు వచ్చి సేరు బెల్లం అంటే, కిలో అని చెప్పమ్మా, అని సరిదిద్దడం మొదలుపెట్టాడు. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. రెండూ ఒకటే కదప్పా అనేవాళ్ళు. కాదు అనేవాడు, అంతకన్నా వివరించేవాడు కాదు.

ఒకరోజు నంద్యాల బస్సు కండక్టరు ఒక స్టీలు డబ్బా తెచ్చి అంగట్లో పెట్టి పోయాడు. పైన గుడ్డ కట్టి ఉంది. అక్క పంపింది. ఈసారి అత్త పక్కన కూర్చొని తన సేరుతో కొలిచి ఇస్తే తాను కట్టిన ఉండలట. పొయ్యి, పోపుల డబ్బా, బెల్లం కుండ అన్నీ ఇప్పుడు అక్క చేతికే వచ్చాయని, అత్త తనను ఏమీ అనడం లేదని అమ్మకు ఫోన్లో చెప్పింది. ఆ బెల్లం కుండకు తాళం ఏమీ వెయ్యలేదని కూడా చెప్పిందట, నవ్వుతూనే. అమ్మ కూడా నవ్విందట. అమ్మకు ఇందులో నవ్వాల్సింది ఏముందో పూర్తిగా తెలీదు.

ఉండలు గట్టిగా ఉన్నాయి. ఒకటి తీసి నేలమీద కొట్టి చూశాను, ఒక్క పప్పు రాలలేదు. తిన్నాను, చాలా బాగుంది. అమ్మ ఒకటి నాయనకు ఇచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి రెండుసార్లు పైకీ కిందికీ ఆడింది, బరువు చూస్తున్నట్టు. ఆగింది. ఉండను తిరిగి డబ్బాలో వేసి, పన్ను నొప్పిగా ఉందని చెప్పి, పరదా ఎత్తి అంగట్లోకి పోయాడు. ఆయన పళ్ళు వక్కలు కొరికే పళ్ళు.

సాయంత్రం అమ్మ ఎరువుల అంగట్లోకి పోయి నంద్యాలకు ఫోన్ చేసింది. వాళ్ళ పక్కింట్లో ఎవరో అక్కను పిలిచారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అక్క మొదట అడిగింది అదే అయ్యుంటుంది.

"తిన్నాడమ్మా," అంది అమ్మ. "రెండు తిన్నాడు మీ నాయన. ఇంగొకటి గావాలని అడుగుతాండాడు."